ఆరో పిట్ట పేరు

"దానికి నాలుగో వేలెందుకు పెట్టినవ్?"

నిచ్చెన మీదున్న మనిషిని కింద నుంచి అలా హఠాత్తుగా అడగకూడదు. బలరాం చేయి అదిరింది. కుంచె కొసన వేలాడుతున్న పసుపు చుక్క ఒకటి తిన్నగా కిందికి దిగి, అక్కడ నిలబడ్డ అమ్మాయి చెప్పు మీద పడింది.

ఆమె చెప్పును చూసుకుంది. తర్వాత అతణ్ణి చూసింది.

"వేలు గురించి అడిగితే చెప్పు ఖరాబు చేస్తవా?"

"పైన పనైతున్నప్పుడు కింద నిలబడొద్దని చెప్పలే మీకెవరూ?" అన్నాడు బలరాం, దిగకుండానే. "పిట్టకు నాలుగు వేళ్లే ఉంటయి. ముందుకు మూడు, వెనక్కొకటి. కోడికి చూసిన, కాకికి చూసిన."

"ఇది కోడి కాదు."

"కాకి గూడ కాదు. నాకు తెలుసు."

"ఇసుక మీద ఉరికే పిట్ట ఇది. కొమ్మ మీద కూసోదు. కొమ్మను పట్టుకునే పని లేనిదానికి వెనక వేలెందుకు? కావాలంటే ఫోటో చూడు."

ఫోన్ పైకెత్తి పట్టుకుంది. బలరాం వంగి చూశాడు. పిడికిట్లో పట్టేంత పిట్ట. మెడ చుట్టూ నల్లని పట్టీ, కంటి చుట్టూ పసుపు ఉంగరం. కాలికి మూడంటే మూడే వేళ్లు.

అతను గుడ్డ తీసి నాలుగో వేలు తుడిచేశాడు. ఓడిపోయినప్పుడు నోరు మూసుకోవడం అతనికున్న కొద్దిపాటి మంచి గుణాల్లో ఒకటి.

ఆమె మాత్రం గెలిచి ఊరుకునే రకం కాదు. రెండడుగులు వెనక్కి వేసి బోర్డు మొత్తాన్ని పరిశీలించింది. కుడివైపు మూల, మూడు రంగుల నీడలతో, లారీ వెనక రాసేటంత అక్షరాలతో ఒక పేరు ఉంది.

"పిట్ట కంటే నీ పేరే పెద్దగున్నది, బలరాం," అంది. చెప్పు మీద పసుపు చుక్కతో కరకట్ట వెంట వెళ్లిపోయింది.

భద్రాచలం బస్టాండు పక్క సందులో 'బలరాం ఆర్ట్స్' అనే గది ఉంది. గది కిరాయిది. అందులోని కుంచెలు మాత్రం సొంతం. ఆటోల వెనక అమ్మానాన్నల ఆశీర్వాదాలు, బడి గోడల మీద ఎక్కాలు, లారీల మీద నెమళ్లు రాస్తూ ఇల్లందు దగ్గరి తండా నుంచి వచ్చిన బానోత్ బలరాం ఆ ఊళ్లో నిలదొక్కుకున్నాడు. ఫ్లెక్సీలు వచ్చి కుంచెలను మూల కూర్చోబెట్టిన కాలంలో, అటవీశాఖ సెక్షన్ ఆఫీసర్ రమణ అతణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు.

"కరకట్ట చివర పిట్టల బోర్డు పెడుతున్నం, తమ్మీ. ఫ్లెక్సీ వద్దు, వానకు చినిగి గోదారిల పడ్తది. చేత్తోనే రాయాలె. ఒడ్డున తిరిగే చిన్న పిట్టలు ఆరు. బొమ్మలు నువ్వెయ్యి, పేర్లు మా సువర్ణమ్మ చెప్తది."

ఆ సువర్ణమ్మే ఈ చెప్పుల అమ్మాయి అని బలరాంకు మర్నాడు తెలిసింది.

భూక్యా సువర్ణ ఖమ్మంలో జువాలజీ ఎమ్మెస్సీ చేసింది. సొంతూరు వంతెన దాటితే బూర్గంపాడు వైపు గోదారి ఒడ్డున తండా. సముద్రపు ఒడ్డునా, ఏటి ఒడ్డునా తిరిగే చిన్న పిట్టలకు జనం పెట్టుకున్న పేర్లు పోగు చేయడం ఆమె ఉద్యోగం. కాంట్రాక్టు ఉద్యోగం.

"పుస్తకాల ఉంటయి గద పేర్లు," అన్నాడు బలరాం.

"పుస్తకాలున్నయి. కానీ పిట్టలు చదవయి, బలరాం. ఒడ్డున బతికినోళ్లు ఏమని పిలుస్తరో అదే పేరు. బోర్డు మీద ఒక్కో బొమ్మ కింద క్యూఆర్ కోడ్ పెడ్తం. ఫోన్ పెట్టి స్కాన్ చేస్తే ఆ పేరు వాళ్ల గొంతులోనే వినిపించాలె. అర్థమైందా, బలరాం?"

అర్థమైంది. పేర్ల సంగతి అంతగా కాదు. తన పేరుకు ఇంత రుచి ఉంటుందని అర్థమైంది. ఈమె పప్పులో ఉప్పు వేసినట్టు ప్రతి మాటలో ఒకసారి వేస్తోంది.

ఆ రోజు నుంచి ఆమె రోజూ ఒక పేరు పట్టుకుని వచ్చేది.

"ఇది ఉల్లంకి. పడవోళ్లు చెప్పిండ్రు. రాయి, బలరాం."

"ఇది తీతువు."

నిచ్చెన పక్కనే కొట్టు పెట్టి టీ అమ్మే ఆయన వెంటనే అడ్డం పడ్డాడు. "తీతువు మొదట్ల రాయకురి. దాని అరుపు నా గిరాకీకి మంచిది గాదు."

"బోర్డు మీద అరవదు గదా, అన్నా," అంది సువర్ణ.

"అరుస్తది. స్కాన్ చేస్తే అరుస్తదని నువ్వే చెప్పినవ్."

తీతువు మూడో వరసకు దిగింది. నీళ్ల మీద మలుపులు తిరుగుతూ ఎగిరే తెల్లపిట్టను కిందిరేవుల్లో రామదాసు అంటారని ఆమె చెప్పినప్పుడు, ఈ ఊళ్లో ఆ పేరు రాయడానికి బలరాం కుంచెను రెండుసార్లు కడుక్కున్నాడు. తోకాడించే పిట్ట వచ్చింది, కత్తెర రెక్కల పిట్ట వచ్చింది. ఐదు బొమ్మల కింద ఐదు పేర్లు కుదిరాయి.

మెడకు నల్లపట్టీ ఉన్న ఆ మూడు వేళ్ల పిట్ట దగ్గరే అంతా ఆగిపోయింది.

పడవవాళ్లను అడిగితే, "చిన్న ఉల్లంకి," అన్నారు. సువర్ణ ఒప్పుకోలేదు.

"అది పేరు కాదు, బలరాం. ఇంకొకరి పేరుకు తోక. నిన్నెవరైనా 'చిన్న రమణ సార్' అని పిలిస్తే పలుకుతవా?"

"నువ్వు పిలిస్తే పలుకుత."

మాట జారిపోయాక అతనే కంగారుపడ్డాడు. ఆమె వినలేదన్నట్టు ఫోన్‌లోకి చూసింది. అయితే ఫోన్ తలకిందులుగా ఉంది.

చివరికి ఒక ముసలి పడవాయన దారి చెప్పాడు. ఎండాకాలం గోదారి ఇసుకలో పుచ్చతోటలు వేసేవాళ్లు ఆ పిట్టను ఏదో పేరు పెట్టి పిలిచేవాళ్లట. ఆ తోటలు వేసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఒక్క హేమ్లి.

సువర్ణ నుదురు కొట్టుకుంది. "గోదారి పొడుగూతా తిరిగిన. మా దాదీనే అడగలే."

బలరాం బండి మీద ఇద్దరూ వంతెన దాటారు. వెనక కూర్చున్న సువర్ణ దారంతా గుంతలకు అతణ్ణే బాధ్యుణ్ణి చేసింది.

హేమ్లి ఇంటి ముందు చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. మనవరాలిని చూసి నవ్వింది. మనవరాలి వెనకున్న యువకుణ్ణి చూసి, నవ్వు ఆపి, మళ్లీ ఇంకో రకంగా నవ్వింది.

"ఈయన ఎవరే?"

"బలరాం. బోర్డులు రాస్తడు. మనోళ్లే, ఇల్లందు దిక్కు. దాదీ, ఈ పిట్ట పేరేందో చెప్పు."

ముసలమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసింది. చూసిన మరుక్షణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెలుసు," అంది. "చెప్ప."

"ఎందుకు చెప్పవ్?"

"నోటితోని అనే మాట కాదది."

సువర్ణ బతిమాలింది. హేమ్లి తల అడ్డంగా ఊపింది. సువర్ణ కోప్పడింది. హేమ్లి ఒక చింతగింజ తీసి పక్కన పడేసింది. ఇక లాభం లేదని ఇద్దరూ వాకిట్లోంచి బయటికి వచ్చారు.

"బూతేమో," అన్నాడు బలరాం మెల్లగా.

సువర్ణ మొహం ఎర్రబడింది. "మా దాదీ బూతులు మాట్లాడదు."

"అందుకే గద చెప్తలేదు. తోటలకాడ పనోళ్లు సరదాకు ఏదో పెట్టి ఉంటరు. స్కాన్ చేస్తే బీప్ సౌండ్ వచ్చేటట్టు పెడదాం."

"బలరాం!"

"ఊరికే అన్న."

"పిట్టను చూపిస్త రా. చూసినంక నీకు నవ్వు రాదు."

ఇసుక తిన్నె మీద అది దొరికింది. చకచకా నాలుగు అడుగులు ఉరికి టక్కున ఆగింది. ఎవరో చూస్తున్నారని గుర్తొచ్చినట్టు అటూ ఇటూ చూసింది. మళ్లీ చకచకా ఉరికి మళ్లీ ఆగింది. ఆగినప్పుడు ఇసుకలో కలిసిపోయి మాయమైంది. ఉరికినప్పుడు మళ్లీ పుట్టింది.

"ఆడపిల్ల ఇంటి ముందట తిరిగే పిలగాని లెక్కున్నది," అన్నాడు బలరాం.

సువర్ణ పకపకా నవ్వింది. ఆ నవ్వుకో మరి దేనికో, ఎండలో ఉన్న ఆకాశం ఉన్నట్టుండి నల్లబడి వాన దించింది. ఆ కాలంలో రాకూడని వాన. రంగుల డబ్బాల మీద కప్పే ప్లాస్టిక్ పట్టా బండికి కట్టి ఉంది. దాన్ని లాగి ఇద్దరూ నెత్తిన పట్టుకుని ఇసుకలోనే కూర్చున్నారు.

ఎదురుగా పిట్ట తన గులకరాళ్లలాంటి గుడ్ల మీదికి వచ్చి కూర్చుంది. వాన దాని వీపు మీద చిట్లుతోంది. అది కదల్లేదు.

"నీ పేరెందుకంత పెద్దగ రాస్తవ్, బలరాం?" అడిగింది సువర్ణ. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"ఎవరన్న చదివి పిలుస్తరని."

"పిలుస్తున్నరా?"

"లారీలోళ్లు 'ఆర్ట్స్' అంటరు. ఆటోలోళ్లు 'పెయింటర్' అంటరు. ఇంట్ల 'చిన్నోడా' అంటరు." కాస్త ఆగాడు. "పేరుతోని పిలిచేది నువ్వొక్కదానివే. నువ్వు పిలిస్తే నా పేరు బాగనే ఉన్నదనిపిస్తది."

సువర్ణ అతని వైపు తిరిగింది. రెప్పల చివర వాన చుక్క ఒకటి నిలబడి ఉంది. దాన్ని తుడుచుకోవాలన్న సంగతి కూడా ఆమెకు తోచలేదు. ఏదో అనబోయి పెదాలు కలిపింది. ఆ పేరులో మొదటి అక్షరం అక్కడిదాకా వచ్చింది. వచ్చి, ఆ పిట్టలాగే టక్కున ఆగింది.

అదే సమయంలో పట్టా మధ్యలో నిండిన నీళ్లన్నీ ఒక్కసారిగా బలరాం మెడలోకి దిగాయి.

అతను ఎగిరి గంతేశాడు. ఆమె నవ్వాలి. నవ్వలేదు.

"ఇగ పోదాం," అంది.

ఆ మాటకు వెనకా ముందూ ఏ పేరూ లేదని బలరాంకు అప్పుడు తట్టలేదు.

మర్నాడు తట్టింది.

నిచ్చెన మీద ఉండగా కింద నుంచి టక్ టక్‌మని చప్పుడైంది. చూస్తే సువర్ణ ఒక గులకరాయితో నిచ్చెన కాలిని కొడుతోంది.

"పిలిస్తే సరిపోతుండె గదా," అన్నాడు.

"వినపడుతదో లేదో అని."

వంతెన మీది నుంచి 'బలరాం' అంటే వినబడిన గొంతు అది.

ఆ సాయంత్రం ఫోన్ చేసింది. "నేను," అంది. ఆ తర్వాత, "ఇదిగో," అంది. "వింటున్నరా?" అంది. నిన్నటిదాకా నువ్వు అన్నది ఇవాళ మీరు అంది. పావుగంట మాట్లాడింది. ఆ పావుగంటలో అతని పేరు ఒక్కసారి కూడా రాలేదు.

రెండు రోజులు గడిచాయి. టీ కొట్టు ఆయనను అన్నా అని పిలిచింది. ఆయన తీతువు మీద మళ్లీ గొడవ పెట్టుకుంటే పేరు పెట్టి మరీ పోట్లాడింది. బలరాం దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఇదిగో', 'చూడండి', 'అది'.

బలరాం రాత్రింబవళ్లు ఆలోచించి అనుమానితుల జాబితా తయారుచేశాడు. బీప్ సౌండ్ జోకు మొదటిది. చెప్పు మీద పడ్డ రంగు రెండోది. అందరికంటే పెద్ద నేరస్తుడు బోర్డు కుడి మూలలో, మూడు రంగుల నీడలతో నిలబడి ఉన్నాడు. పిట్ట కంటే నీ పేరే పెద్దగున్నదని మొదటి రోజే అంది కదా.

వెంటనే చర్య తీసుకున్నాడు. తెల్లవారుతూనే నిచ్చెనెక్కి తన పేరు మీద ఇసుక రంగు పూసి పూర్తిగా తుడిచేశాడు. తర్వాత బజారుకు వెళ్లి, అదే రకం చెప్పులు కొత్తవి కొన్నాడు.

"ఇవెందుకు?" అంది సువర్ణ.

"పాతవాటి మీద రంగు పడింది గదా. నా తప్పే."

ఆమె కాళ్ల వైపు చూసుకుంది. పసుపు చుక్క ఇంకా అక్కడే ఉంది. కొంచెం కూడా చెరగలేదు.

"ఈ చుక్క పోకుండ దీన్ని ఎట్ల జాగ్రత్తగ వాడుతున్ననో మీకేం తెలుసు," అంది గబగబా. అతను ఆ మాట అర్థం చేసుకునేలోపే ఇంకో మాట చెప్పేసింది. "కాకినాడ దిక్కు నుంచి పిలుపొచ్చింది. సముద్రం ఒడ్డున ఇదే పని. అక్కడి పిట్టలకు చేపలోళ్లు పెట్టుకున్న పేర్లు పోగు చెయ్యాలె. ఇక్కడ కాంట్రాక్టు ఈ బోర్డుతోని అయిపోతది. ఆదివారం బోర్డు తెరుస్తరు, సోమవారం బస్సెక్కుత."

బలరాం గుండె లోపల ఎవరో నిచ్చెన లాగేసినట్టయింది. ఇలాంటప్పుడు అనాల్సిన మాటలు అతనికి చాలా తెలుసు. ఆటోల వెనక ఎన్నోసార్లు రాసినవే. ఒక్కటీ రాలేదు.

"అక్కడ హాస్టల్ ఉంటదా?" అన్నాడు.

"ఉంటది," అంది. "మంచిగుంటదట. దోమతెర గూడ ఇస్తరట."

కొత్త చెప్పులు అతని చేతిలోనే పెట్టి వెళ్లిపోయింది.

ఆదివారం కరకట్ట మీద ఓ షామియానా, కొన్ని కుర్చీలు, ఒక మైకు. సువర్ణ నాన్న వీరన్న ఇల్లందు గనిలో షిఫ్టు దిగి నేరుగా బస్సులో వచ్చాడు. హేమ్లి ముందు వరసలో, టీ కొట్టు ఆయన పక్కన కూర్చుంది. బోర్డు మీద ఐదు పేర్లున్నాయి. ఆరో పిట్ట కింద ఖాళీ.

"ఇప్పటికీ పేరు దొరకకుంటే చిన్న ఉల్లంకి అని రాసేద్దాం, తమ్మీ," అన్నాడు రమణ సార్. "ఖాళీ పెడితే మరిచిపోయినమనుకుంటరు."

సువర్ణ ఫోన్‌లో రికార్డింగు నొక్కి బలరాం చేతికిచ్చింది. "ఇది పట్టుకోండి. దాదీని ఆఖరుసారి అడుగుత," అంది, అతని కళ్లలోకి చూడకుండా.

అడిగేలోపు రమణ సార్ మైకందుకున్నాడు. నాలుగు మాటలు మాట్లాడి బోర్డు వైపు తిరిగి వెతికాడు. "ఇంత మంచిగ రాసినాయన పేరు బోర్డు మీద లేకపాయె. ఏందయ్యా, పోయినసారి చూసినప్పుడు ఇక్కడనే ఉండె. సువర్ణమ్మా, మైకుల నువ్వే చెప్పు. ఆయన్ని ముందటికి పిలువు, శాలువా కప్పుదాం."

సువర్ణ మైకు తీసుకుంది.

"ఈ బొమ్మలు వేసింది," అంది. ఆగింది. "మన... బస్టాండు దగ్గర..."

"బస్టాండా?" అన్నాడు టీ కొట్టు ఆయన.

జనం నవ్వారు. సువర్ణ గొంతు సవరించుకుంది. "బస్టాండు పక్క సందుల ఉండే... ఆర్ట్స్... ఈయన."

తన పేరును ఇంతగా అసహ్యించుకుంటోందా? శాలువా వద్దు, ఏమీ వద్దు, వెళ్లిపోదామని బలరాం ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆగు, పిలగా," అంది హేమ్లి.

ముసలమ్మ కుర్చీలోంచి లేచింది. మనవరాలి దగ్గరికి వెళ్లి, గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి, డాక్టరు చూసినట్టు చూసింది.

"ఎన్ని రోజుల సంది?"

"ఏంది దాదీ?"

"వాని పేరు నోట్లకు రాక."

సువర్ణ చెవులే జవాబు చెప్పేశాయి. ఎర్రగా.

"నాకు తెలుసు ఈ బీమారి," అంది హేమ్లి. "నాకు గూడ వచ్చింది, మీ నాయన పుట్టకముందు. ఇంతవరకు తగ్గలే."

మైకు ఇంకా సువర్ణ చేతిలోనే ఉంది. ముసలమ్మ మాటలు కరకట్ట పొడుగునా వినబడుతున్నాయి. స్నానాల రేవులో ఉన్నవాళ్లు కూడా తలలెత్తి చూశారు.

"నా పెండ్లికి ముందు ఈ ఇసుకలనే మా తోట. ఒక పిలగాడు రోజూ వచ్చెటోడు. నాలుగడుగులు జల్దీ జల్దీ నడుస్తడు. నేను చూస్తే ఆగుతడు. మళ్ల నాలుగడుగులు. ఆ పిట్ట గూడ గట్లనే. నేను నవ్వి పిట్టకు వాని పేరు పెట్టిన. తోటల ఆడపిల్లలందరు అదే పేరు అందుకున్నరు. వాడు ఒడ్డెక్కితే చాలు, పిట్టను పిలిచినట్టు వాన్ని పిలిచి ఏడిపించెటోళ్లం."

"మరి పేరేది, దాదీ?" అంది సువర్ణ.

"వాన్నే చేసుకున్న గద పిచ్చిదానా. పెండ్లయినంక మొగని పేరు నోట్లకెట్ల వస్తది? పిట్ట పేరు గూడ ఆ దినమే బంద్ అయింది. ఆ ఆడపిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ఊరికి పోయిండ్రు. ఆయనా పోయిండు. పేరు నాలోనే ఉన్నది."

వీరన్న తల్లి వైపు చూస్తూ లేచి నిలబడ్డాడు.

బలరాం మెదడులో, ఆలస్యంగానైనా, ఒక దీపం వెలిగింది. గులకరాయి, ఇదిగో, మీరు, చెరగని పసుపు చుక్క అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ దీపం కింద వరసగా నిలబడ్డాయి. అతను సువర్ణను చూశాడు. ఆమె అతణ్ణి తప్ప గోదారినంతా చూస్తోంది.

"బేరం పెట్టుకుందామా?" అంది హేమ్లి. "నువ్వు వాని పేరు చెప్పు. నేను మీ తాత పేరు చెప్త."

"నువ్వు ముందు, దాదీ."

"నేను ఒక జన్మంత ఆపిన. నువ్వు ఆపి వారం గూడ కాలే. నువ్వే ముందు."

సువర్ణ మైకును రెండు చేతులతో పట్టుకుంది. ఈసారి అతని వైపు తిరిగింది. చూస్తూనే ఉంది. బలరాం ఊపిరి తీసుకోవడం వాయిదా వేశాడు.

"బలరాం," అంది.

మెల్లగానే అంది. మైకు దాన్ని ఎత్తుకుని రేవు దాటించి, ఇసుక దాటించి, అవతలి ఒడ్డుకు చేర్చింది. అంత పెద్ద అక్షరాలతో ఆ పేరును అతను కూడా ఎన్నడూ రాయలేదు.

హేమ్లి కొంగుతో మూతి తుడుచుకుంది. ఇసుక తిన్నెల వైపు తిరిగింది.

"దస్రు," అంది. మళ్లీ అంది, ఈసారి దూరాన ఉన్నవాణ్ణి పిలిచినట్టు. "దస్రూ. దస్రు పిట్ట." తర్వాత నోరు మూసుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు దిగాయి.

వీరన్న వచ్చి తల్లి భుజం పట్టుకున్నాడు. "మా అమ్మ నోట మా నాయన పేరు నేనెప్పుడు వినలే," అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. కాసేపటికి తేరుకుని, ఇంకా ఫోన్ పట్టుకుని స్తంభంలా నిలబడ్డ బలరాంను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇంటిపేరేంది, పిలగా?"

"బానోత్."

"మాది భూక్యా." వీరన్న తల ఊపాడు. "ఇంటిపేర్లు వేరు, కుదురుతది. మీ పెద్దోళ్లను రమ్మను, కూసోని మాట్లాడుకుందాం. ముందుగాల ఆ పిట్ట పేరు రాయి, సార్ నిలబడ్డడు."

బలరాం కుంచె తీశాడు. 'దస్రు పిట్ట' అని రాశాడు. జీవితంలో మొదటిసారి అక్షరాలు కాస్త వంకరపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

జనం టీ కొట్టు వైపు కదిలాక సువర్ణ నిచ్చెన కిందికి వచ్చింది.

"నీ పేరెందుకు తుడిచినవ్?"

"నీకు నచ్చలేదనుకున్న. పిలుస్తలేవు గదా."

"నచ్చక కాదు," అంది. "ఆ రోజు వానల నువ్వు గట్ల అన్నంక, పేరు నోట్లకు తీసుకుంటే లోపలున్నదంతా బయటపడుతదేమో అనిపించింది. అందుకే దాచిన."

"రేపు బస్సెక్కుతవా?"

"ఎక్కుత. సముద్రపు పిట్టలు ఎదురుచూస్తయి."

"నేను గూడ వస్త, రెండు రోజులు ఆగి. అక్కడ బోర్డులుండవా? పిట్టలకు బొమ్మలు వేసెటోళ్లు కావాలె గదా."

"నాలుగో వేలు పెడితే ఊకోను."

"నువ్వు కింద నిలబడి చూడు. రంగు పడితే నా పూచీ లేదు."

ఆమె కాలు కొంచెం ముందుకు పెట్టింది. రెండో చెప్పు శుభ్రంగా ఉంది. "ఇది ఖాళీగనే ఉన్నది," అంది.

కరకట్ట చివర ఆ బోర్డు ఇప్పటికీ ఉంది. కుడి మూలలో ఒక పేరు మళ్లీ వచ్చింది, ఈసారి పిట్ట కంటే కాస్త చిన్నగా. ఆరో బొమ్మ కింద స్కాన్ చేస్తే ముందు ఒక అమ్మాయి మెల్లగా 'బలరాం' అంటుంది. తర్వాత ఒక ముసలమ్మ 'దస్రు' అని పిలుస్తుంది. మొదటి మాట కోసి పడేద్దామని రమణ సార్ అన్నాడట. హేమ్లి ఒప్పుకోలేదు.

గుడికి వచ్చినవాళ్లు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విని, టీ కొట్టు ఆయనను అడుగుతుంటారు. "రెండు పేర్లు వినబడుతున్నయి, ఇందులో పిట్ట పేరేది?"

ఆయన గ్లాసులో టీ వంచుతూ ఇసుక వైపు చూపిస్తాడు.

"ఉరికి ఉరికి ఆగేటోళ్లందరి పేరూ అదే," అంటాడు. "కూసోండి, కథ చెప్త."